యాభై ఏడో నంబరు

మార్చి 3

అక్కా,

ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావు, చివరికి విషయం ఇద్దరికీ అర్థం కాదు. ఉత్తరమైతే ముక్కు తుడుచుకుంటూ మెల్లగా చదువుకోవచ్చు. అందుకే రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

నిన్న స్కానింగుకి వెళ్ళాం. ఇరవై ఒకటో వారం కదా, అందరికీ చేసేదే అన్నారు. స్కానింగ్ చేసే అమ్మాయి భలే వాగుడుకాయ. "ఇదిగో చెయ్యి, ఇదిగో గడ్డం, ముక్కు మాత్రం అచ్చం వాళ్ళ నాన్నదే" అంటూ ఒకటే కబుర్లు. మీ మరిది తన ముక్కు తడుముకుని మురిసిపోయాడు. ఉన్నట్టుండి ఆ అమ్మాయి మాట్లాడటం మానేసింది. ఒకేచోట ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు చూసి, "ఒక్క నిమిషం" అని బయటికి వెళ్ళింది. నా పొట్ట మీద జెల్లు ఆరిపోయి బిగుసుకునేదాకా ఎవరూ రాలేదు.

తర్వాత పెద్ద డాక్టరుగారు వచ్చారు. కాగితం వెనకవైపు బొమ్మ గీసి చెప్పారు. బిడ్డ వెన్నెముక జిప్పులాగా పైనుంచి మూసుకుంటూ రావాలట. మా బిడ్డకి అడుగున కొంచెం మూసుకోలేదు. అక్కడ నరాలు బయటికొచ్చి ఉమ్మనీళ్ళలో నానుతున్నాయి. కాళ్ళు ఇప్పుడైతే కదులుతున్నాయి, నానేకొద్దీ కదలిక పోవచ్చు అన్నారు. నేను రోజంతా కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూసేదాన్నే కదా, ఆయన కళ్ళల్లోకి మాత్రం చూడలేకపోయాను. మీ మరిది డ్రైవింగ్ నేర్పే మనిషి కదా, కుర్చీలో కూర్చునే కుడికాలితో లేని బ్రేకు నొక్కుతూ ఉన్నాడు.

దారులు రెండున్నాయట. బిడ్డ పుట్టాక వీపు మూసే ఆపరేషను ఒకటి, ఎప్పటినుంచో చేస్తున్నదే. కడుపులో ఉండగానే మూసెయ్యడం రెండోది. అందులో ఏది మంచిదో తేల్చడానికి పరిశోధన జరుగుతోందట. చేరితే ఎవరికి ఏది చెయ్యాలో కంప్యూటర్ చీటీ తీస్తుందట. చేరడానికి ఇచ్చిన కాగితం అడుగున, పరిశోధన నడిపే ఆఫీసు పేరు చూసి మతిపోయింది. మీ ఆఫీసే!

చేరనా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు.

నీ పొట్టిది


మార్చి 6

పొట్టీ,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. నీ ఉత్తరం చదివాక నాకు ఒక్క ముక్క కూడా తోచలేదు. మా ఆఫీసులో లిఫ్టు పాడై పదిరోజులైంది. కవరు మెట్లమీదే చించి చదివి, మూడో అంతస్తులో కూలబడ్డాను. పైనుంచి దిగేవాళ్ళు పక్కకి జరిగి దిగారు. ఆయాసం అనుకుని ఉంటారు.

నా పనేమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఎనిమిది ఆసుపత్రుల నుంచి ఫారాలు వస్తాయి. వాటి మీద తల్లి పేరుండదు, నంబరుంటుంది. వయసు, ఎన్నో వారం, ఏ ఆపరేషను, తర్వాత ఏమైంది. అవి కంప్యూటర్లోకి ఎక్కించి, ఖాళీ గడి ఉంటే తిరిగి అడగడం నా పని. నాలుగేళ్ళుగా చేస్తున్నా ఏది మంచిదో నాకు తెలియదు. తెలియకూడదు కూడా. ఆ కూడికలు తలుపులు వేసుకుని వేరేవాళ్ళు చేస్తారు.

అయినా అడిగావు కాబట్టి చెప్తున్నాను, చేరు. చీటీ ఎటు వచ్చినా, ఆ ఆసుపత్రుల్లో చూసినంత జాగ్రత్తగా బయట ఎవరూ చూడరు. ఇది అక్కగా చెప్తున్న మాట.

ఒక్కటే షరతు. నీ నంబరు నాకు చెప్పకు. మాలో ఎవరికైనా బంధువు ఇందులో చేరితే వెంటనే మా మేడంకి చెప్పాలి, ఆ ఆసుపత్రి ఫారాలు మరొకరికి అప్పగించాలి. సోమవారం చెప్పేస్తాను. నువ్వు వేళకి తిను. నన్ను తలుచుకుని ఒక ముద్ద ఎక్కువ తిను.

అక్క


మార్చి 15

అక్కా,

చేరాను. ఆసుపత్రిలోనే ఉన్నాను, వారంరోజులుగా. చీటీ వచ్చింది. కడుపులో ఉండగానే చేస్తారట! ఫలానా గుంపు అని చెప్పగానే మీ మరిది నిలబడ్డవాడు కూర్చున్నాడు, కూర్చున్నవాడు నిలబడ్డాడు. తేదీ ఇంకా చెప్పలేదు, పరీక్షలన్నీ సరిపోతే పదిరోజుల లోపే అంటున్నారు. పరీక్షల రోజుల్లో ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

పక్క మంచం మీద ఒక లెక్కల టీచరమ్మ ఉంది. నాతో ఒకేరోజు చేరింది. అదే వారం, అదే జబ్బు, అదే చీటీ. ఆవిడకి బోర్డు లేకపోతే తోచదు. మంచం పక్కన కిటికీ అద్దం మీద ఆవిరి పట్టినప్పుడల్లా వేలితో లెక్కలు వేస్తుంది. "వందమందికి చేస్తే ముగ్గురికి చెడు జరుగుతుందన్నారు కదా, అంటే తొంభై ఏడు మన పక్షం. నా క్లాసులో తొంభై ఏడు వచ్చినవాడు ఏడిస్తే చెవి మెలిపెడతాను" అంటుంది. ఆవిడ పక్కనుంటే ధైర్యంగా ఉంది.

బిడ్డ బాగా తంతోంది. తన్నినప్పుడల్లా లెక్కపెట్టుకుంటున్నాను, ఇంకా కాళ్ళున్నాయి అని.

మీ మేడంకి చెప్పావా? ఆ సంగతి రాయనేలేదు.

పొట్టి


మార్చి 20

నా తల్లీ,

నాకు తెలిసిపోయింది. ఇంక నువ్వు నా దగ్గర ధైర్యం నటించక్కర్లేదు.

మేడంకి నేను చెప్పలేదు. సోమవారం ఆవిడ గది తలుపు దాకా వెళ్ళాను. చెబితే మీ ఆసుపత్రి ఫారాలు నా చేతిలోంచి పోతాయి. ఎక్కడో అంతదూరాన ఉన్నావు, కనీసం కాగితం మీదైనా నా కళ్ళముందు ఉంటావు కదా అని వెనక్కి వచ్చేశాను. నంబరు చెప్పకు అన్నదాన్ని నేనే వెతుక్కున్నాను. ఆ వారం మీ ఆసుపత్రి నుంచి చేరినవి రెండే. యాభై ఏడు, యాభై ఎనిమిది. ముప్పై ఒకటో ఏడు చూసి యాభై ఏడు నువ్వేనని గుర్తుపట్టాను.

ఈరోజు ఆ ఫారం వచ్చింది. పదిహేడున ఆపరేషను. పద్దెనిమిదిన బిడ్డ గుండె ఆగింది.

ఆ రెండు వాక్యాలు నేను ఎక్కించాలి, పొట్టీ. ఫారం పక్కన పెట్టేశాను. నీకు మూడుసార్లు ఫోన్ చేశాను, మోగనేలేదు. మరిదికి చేస్తే "ఇప్పుడు మాట్లాడలేను వదినా" అని పెట్టేశాడు. ఆ గొంతు విన్నాక ఇంకేం అడుగుతాను!

చేరమన్నది నేను. పుట్టాక చేయించుకోమని చెప్పి ఉంటే ఇవాళ నీ బిడ్డ తన్నుతూ ఉండేది. ఈ పాపం నాదే. ఇప్పుడే బండెక్కి వచ్చేద్దామనుంది. వస్తే ఎలా తెలిసిందని అడుగుతారు. నువ్వు కబురు చేసినట్టు ఒక మాట ఫోన్ చేయించు, వెంటనే వస్తాను.

చదివి చించెయ్యి.

అక్క


మార్చి 23

అక్కా,

నీ ఉత్తరం చదువుతున్నప్పుడు నా బిడ్డ తన్నుతోంది.

ఇంతకంటే ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. "బిడ్డ గుండె ఆగింది" అన్న చోట నా వేలుంది, ఆ వేలి కిందే తన్నింది. నేను పెట్టిన కేకకి నర్సులిద్దరు పరిగెత్తుకొచ్చారు. స్కానింగ్ పెట్టమని గోల చేశాను. పెట్టారు. గుండె కొట్టుకుంటోంది. ఇంకోసారి పెట్టమన్నాను. మళ్ళీ పెట్టారు. నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

అప్పుడు పక్క మంచం వైపు చూశాను. ఖాళీగా ఉంది. టీచరమ్మకి పదిహేడున ఆపరేషనైంది. నిశ్శబ్దంగా ఉండాలని వేరే గదికి మార్చాం అని చెప్పారు. నేను నమ్మాను. రోజూ ఎలా ఉందని అడిగాను, బాగుంది అన్నారు.

ముప్పై ఒకటి టీచరమ్మ వయసు. కాగితాల మీద నాకు ఇరవై తొమ్మిది. మరిచిపోయావా? అమ్మకి జబ్బుచేసి ఆలస్యంగా బడికి తీసుకెళ్ళింది నువ్వు. వయసు దాటిందని చేర్చుకోరేమోనని రెండేళ్ళు తగ్గించి చెప్పింది నువ్వు. ఈ పిల్ల పొట్టిగా ఉంది, నమ్ముతార్లే అని దారంతా నవ్వింది నువ్వు. ఇంట్లో అసలు వయసు, బయట దొంగ వయసు. నాలుగేళ్ళు ఫారాలు చూసిన నీకు ఆ సంగతే తట్టలేదా?

మీ మరిది ఫోన్ పెట్టేసింది నా ఆపరేషనుకని రక్తం ఇస్తూ. అప్పుడే సూది గుచ్చుతున్నారట.

రేపే నా ఆపరేషను. వద్దన్నాను. తప్పుకుంటున్నట్టు సంతకం చేసేశాను. పెద్ద డాక్టరుగారు గంటసేపు కూర్చుని నచ్చజెప్పారు. "ఒకరికి జరిగింది మీకూ జరగాలని లేదు" అన్నారు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. టీచరమ్మే చెప్పొద్దందట, నా ఆపరేషను అయ్యేదాకా. ఇది నమ్మమంటావా? బిడ్డని పోగొట్టుకున్న మనిషి పక్క మంచం దాని సంగతి ఆలోచిస్తుందా? అందరూ కలిసి నన్ను మోసం చేశారు. ఎవరు చెప్పారని అడిగారు. నీ పేరు చెప్పలేదు, చెప్పను. ఉత్తరం చించేశాను.

కోపంతో మొదలుపెట్టాను కానీ అక్కా, ఒకటి మాత్రం నిజం. నువ్వు పొరపాటు పడకపోతే రేపు నన్ను ఆ బల్ల మీద పడుకోబెట్టేవాళ్ళు. నీ తప్పే నా బిడ్డని కాపాడింది. నీ కాళ్ళకి మొక్కాలి.

పొట్టి


మార్చి 26

పొట్టీ,

బిడ్డ బతికే ఉందన్న మాట చదివి సంతోషంతో కేకపెట్టాను. ఆ తర్వాతి పేజీలో నువ్వు తప్పుకున్నావని చదివి, వెంటనే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నా కాళ్ళకి మొక్కకు. దయచేసి విను. ఒక్క ఫారం చూసి ఏదీ చెప్పకూడదని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేదాన్ని నేనే. పుట్టాక ఆపరేషను చేసినవాళ్ళలోనూ పోయినవాళ్ళున్నారు, ఆ ఫారాలూ నేనే ఎక్కించాను. అప్పుడు గుండె బరువెక్కేది, అంతే, మరో ఫారం తీసుకునేదాన్ని. నీదనుకున్నాను కాబట్టి ఈ ఒక్కటీ లోకమంతా అయిపోయింది. ఆ భయం నాది, దాన్ని తెచ్చి నీ మంచం మీద పడేశాను.

ఇరవై ఆరో వారం దాకా గడువుంది. ఇంకా పదకొండు రోజులు. వెళ్ళి మనసు మార్చుకున్నానని చెప్పు, చేర్చుకుంటారు. ఏది మంచిదో నాకు నిజంగా తెలియదు. నువ్వు వద్దనుకోవడానికి నా ఉత్తరం మాత్రం కారణం కాకూడదు.

మేడంకి చెప్తాను. ఈ వారంలో తప్పకుండా చెప్తాను.

అక్క


మార్చి 30

అక్కా,

వద్దు.

నీ ఉద్యోగం పోతుందన్న భయం నువ్వు వదలవు. నా బిడ్డ పోతుందన్న భయం మాత్రం నేను వదలాలి. ముందు మీ మేడంకి చెప్పి, ఆ తర్వాత నాకు చెప్పు.

ఇంటికి వచ్చేశాం. ఇక పుట్టేదాకా ఈ సంగతి ఎత్తకు.

పొట్టి


జూలై 9

అక్కా,

ఆడపిల్ల. రెండుంపావు కిలోలు. ముక్కు నిజంగానే వాళ్ళ నాన్నది, పాపం.

మూడు నెలలు నీకు రాయలేదు. బిడ్డ చేతికొచ్చాక కోపం పెట్టుకునే తీరిక లేదు. రెండోరోజే వీపు మూశారు. కుట్లు బాగా మానాయి. తలలో నీరు చేరుతోందని చిన్న గొట్టం వేశారు, చెవి వెనక తడిమితే తెలుస్తుంది. కాళ్ళే కదలడం లేదు. కదలిక మోకాళ్ళ దాకా వస్తుంది, కిందికి రావడం లేదు. అరికాలు గీరితే పిల్లలు కాలు లాక్కుంటారు చూడు, అది లాక్కోదు. నా వైపే చూస్తుంది, ఏం చేస్తున్నావన్నట్టు.

మీ మరిది రోజూ గీరుతాడు. నేను వద్దంటాను. రేపు మళ్ళీ గీరుతాడు.

టీచరమ్మ చూడటానికి వచ్చింది. నాకు చెప్పొద్దని అన్నది ఆవిడేనట, నిజంగానే. "నా లెక్క తప్పింది, నీది తప్పకూడదనుకున్నాను" అంది. బిడ్డని ఎత్తుకుని చాలాసేపు కాళ్ళనే చూసింది. ఆవిడ వెళ్ళాక నాకు ఎందుకో చాలా భయమేసింది.

అయినా బతికి ఉంది కదా. ఎవరేమన్నా నేను ఆ మాటే అనుకుంటాను. నీ ఉత్తరం రాకపోతే ఇది ఉండేది కాదు. పేరు నువ్వే పెట్టాలి. ఎప్పుడొస్తావు?

పొట్టి


నవంబరు 18

పొట్టీ,

పేరు పెట్టమన్నావు, నాలుగు నెలలైంది. నిజం దాచుకున్న నోటితో పేరు పెట్టబుద్ధి కాలేదు. ఈ ఉత్తరం కూర్చుని చదువు. మరిది ఇంట్లో ఉన్నప్పుడు చదువు. పేపర్లో వచ్చేలోపు నా చేత్తో రాసినదే నీకు అందాలి.

పరిశోధన ఆపేశారు. ఏదో చెడు జరిగి ఆపారనుకున్నాం. నిన్న మమ్మల్నందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి మేడం కూడికలు చదివింది. రెండున్నరేళ్ళు దాటిన పిల్లల్నే లెక్కలోకి తీసుకున్నారు. పుట్టాక ఆపరేషను చేసినవాళ్ళలో పదిమందికి ఇద్దరు ఏ సాయమూ లేకుండా నడుస్తున్నారు. కడుపులో ఉండగా చేసినవాళ్ళలో పదిమందికి నలుగురు. తలలో గొట్టం అవసరమైనవాళ్ళు కూడా సగానికి సగం తగ్గారు. చావులు రెండు వైపులా సమానం, రెండేసి. ఇంత తేడా కనిపించాక ఇంకా చీటీలు తియ్యడం అన్యాయమని ఆపేశారట.

గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాలుగేళ్ళ కష్టం కదా. నేనూ లేచాను. చప్పట్లు కొట్టానో లేదో నాకు గుర్తులేదు.

ఆ తర్వాత మేడం తప్పుకున్నవాళ్ళ పట్టిక తీసింది. ఊరు మారినవాళ్ళు, జ్వరం వచ్చి వీలుకానివాళ్ళు, అందరికీ కారణాలున్నాయి. చివరి వరసలో యాభై ఎనిమిది, నీ నంబరు. ఎదురుగా "ఇంకొకరి బిడ్డ పోయిన సంగతి తెలిసి. ఎవరు చెప్పారో తెలియదు" అని ఉంది. ఆ మాట ఎక్కించింది కూడా నేనే. "ఆపరేషనుకి ముందురోజు ఈమెకి ఆ సంగతి ఎవరు చెప్పారో, ఎవరికైనా ఏమైనా తెలుసా?" అని మేడం మామూలుగా అడిగింది. "నాకు తెలుసు" అన్నాను.

అందరి ముందూ చెప్పాను. నంబరు వెతికింది, వయసు చూసి పొరబడింది, ఉత్తరం రాసింది, చించెయ్యమన్నది, అంతా. మేడం ఒక్కటే అంది, "మొదటి సోమవారమే వచ్చి ఉంటే సరిపోయేది కదమ్మా." ఉద్యోగం పోయింది. పోవాల్సిందే. ఎవరూ కేకలెయ్యలేదు, అదే కష్టంగా ఉంది.

నీ బిడ్డ ఆ నలుగురిలో ఉండేదో, మిగతా ఆరుగురిలో ఉండేదో ఏ డాక్టరూ చెప్పలేడు. అది నాకు తెలుసు. ఆ మాట అడ్డం పెట్టుకుని తప్పించుకోను. దానికి రావాల్సిన అవకాశాన్ని నేను పోగొట్టాను. నన్ను తిట్టు. రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

అక్క


నవంబరు 23

అక్కా,

నీ ఉత్తరం మీ మరిది పైకి చదివాడు. నలుగురు అన్న మాట దగ్గర ఆగిపోయాడు. కాగితం నా చేతికిచ్చి, వెళ్ళి కారులో కూర్చున్నాడు. కారు తియ్యలేదు. ఊరికే కూర్చున్నాడు. నేను మిగతాది చదివాను. మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఎన్నిసార్లు చదివినా నాకు ఏడుపు రాలేదు. ఎనిమిది నెలలుగా రోజూ నీకు దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణాలన్నీ ఇప్పుడేం చేసుకోను?

సంతకం పెట్టింది నేను. డాక్టరుగారు గంటసేపు చెప్పినా విననిది నేను. ఇది కూడా మీ మేడంకి చెప్పు. అంతా నీ నెత్తిన వేసుకుంటే నాకేం తేలిక కాదు.

నిన్ను క్షమించానో లేదో తెలియదు. ఒకపూట అయిపోయిందనుకుంటాను, దాని కాలికి మేజోడు తొడిగేటప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. అది తేలేదాకా కూర్చుంటే దీని మోకాళ్ళు బిగుసుకుపోతాయి. రోజుకి నాలుగుసార్లు, ఒక్కో కాలూ ఇరవైసార్లు, వంచి చాపాలి. కాళ్ళు వంకర పోకుండా కట్టే పట్టీలు వేసేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి. నేను షాపుకి వెళ్ళకపోతే గడవదు, మీ మరిది పొద్దున్నే పోతాడు. నీకు ఉద్యోగం లేదు. సోమవారం బండికి బయలుదేరు. రెండు నెలలో, రెండేళ్ళో, నాకు తెలియదు.

నేను నీతో సరిగ్గా మాట్లాడకపోవచ్చు. ఇదిగో కాలు, ఇదిగో పట్టీ, అంతవరకే మాట్లాడతానేమో. దానికి సిద్ధపడే రా.

ఇంకోటి కూడా చెప్పాలి. దీనికి ఇవేమీ తెలియవు. ఈమధ్య ఎవరు వంగి చూసినా బోసినోరంతా తెరిచి నవ్వుతోంది. నిన్ను చూసి కూడా నవ్వుతుంది. అది తట్టుకోగలిగితే రా.

నీ చెల్లెలు